విజయవాడ, గుంటూరు ఇళ్లలో పందిరి చిక్కుడు: గింజ నుంచి కాపు దాకా

ఇంగ్లండ్ తోటల వీడియోలు చూసి, ఎర్రటి పూలతో దడంతా అల్లుకునే రన్నర్ బీన్స్ మన పెరట్లోనూ వేద్దామని చాలామందికి అనిపిస్తుంది. గింజలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మొలుస్తాయి, పాకుతాయి, పూస్తాయి కూడా. కాయ మాత్రం నిలవదు. ఆ మొక్క పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా కొండలు. చల్లటి గాలికి అలవాటు పడిన తీగ అది. ఎండ 30 డిగ్రీలు దాటిందంటే పిందె కట్టకుండానే పూత రాల్చేస్తుంది. బెజవాడలో 30 దాటని మధ్యాహ్నాలు ఏడాదికి ఎన్నుంటాయో మీకు చెప్పక్కర్లేదు. దానికి దాయాది అయిన రాజ్మా కూడా మన రాష్ట్రంలో చింతపల్లి వైపు, మన్యం చలిలోనే పండుతుంది గానీ కృష్ణ ఒడ్డున కాదు.

అయినా మనకి దాని అవసరం ఏముంది? అదే ఎత్తున పాకి, అంతకంటే ఎక్కువ కాసి, మన ఎండనీ వాననీ ఓర్చుకునే తీగ మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. పందిరి చిక్కుడు. ఒకటి రెండు పాదులు సరిగ్గా కుదిరితే నలుగురున్న ఇంటికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయ కొనాల్సిన పని ఉండదు. పక్కింటి పిన్నిగారికి ఇవ్వడానికి కూడా మిగులుతాయి.

ఈ పాదు గురించి వినిపించే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: "తీగ పందిరంతా కమ్మేసిందండీ, ఒక్క పువ్వు లేదు." దానికి కారణం చీడా కాదు, దిష్టీ కాదు. విత్తాల్సిన నెలలో విత్తకపోవడం, లేదా ప్రేమ ఎక్కువై ఎరువు కుమ్మరించడం. ఈ రెండూ సరిచూసుకుంటే సగం సేద్యం అయిపోయినట్టే. అందుకే నెల సంగతి ముందు చెప్తాను.

ఎప్పుడు విత్తాలి

మన నాటు పందిరి రకాలు పగటి పొడవు చూసుకుని పూస్తాయి. పగలు తగ్గి, రాత్రి పెరిగితేనే మొగ్గ వేస్తాయి. మన ప్రాంతంలో జూన్ చివర్లో పగలు 13 గంటలకు కాస్త పైన ఉంటుంది. డిసెంబరు చివరికి 11 గంటల చిల్లరకి దిగుతుంది. ఆ దిగే దారిలో, సుమారుగా అక్టోబరులో, తీగకి పూత ఆలోచన పుడుతుంది. అప్పటికి అది పందిరెక్కి, కొమ్మలు వేసి, బలంగా ఉండాలి. అంటే కనీసం మూడు నెలల వయసు కావాలి.

వెనక్కి లెక్కపెడితే విత్తే కాలం ఆషాఢం. రోహిణి ఎండలు పోయి, మృగశిరలో నాలుగు చినుకులు పడి నేల చల్లబడ్డాక, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో గింజ పెట్టండి. జూన్ చివరి వారం నుంచి జులై మూడో వారం దాకా అన్నమాట. శ్రావణంలో పెట్టినా కాస్తుంది, కాకపోతే తీగ చిన్నగా ఉండగానే పూత వచ్చేస్తుంది, కాపు ఆ మేరకు తగ్గుతుంది.

సంక్రాంతికి చుట్టాలింట్లో పందిరి నిండా కాయలు చూసి, ముచ్చటపడి గింజలు తెచ్చుకుని ఫిబ్రవరిలో పెట్టేవాళ్లున్నారు. ఆ తీగ వేసవంతా మీ చేత నీళ్లు తాగి, ఆకులు పెంచి, మళ్లీ అక్టోబరు దాకా పువ్వు పూయదు. గింజలు తెచ్చుకోండి, తప్పులేదు. డబ్బాలో పెట్టి ఆషాఢం దాకా ఆగండి.

ఆగలేనివాళ్లకి, ఎండాకాలంలోనూ కాయ కావాలనుకునేవాళ్లకి వేరే రకాలున్నాయి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ పగటి పొడవుతో పనిలేకుండా కాస్తాయి. కానీ అవి పొట్టి రకాలు, పందిరెక్కవు. కుండీలో రెండడుగుల ఎత్తున గుబురుగా పెరిగి, తొందరగా కాసి, తొందరగా అయిపోతాయి. బాల్కనీ తప్ప వేరే చోటు లేనివాళ్లకి అవే నయం. రుచిలో మాత్రం నాటు పందిరి చిక్కుడుకి నా ఓటు.

ఇంకో చిన్న సంగతి. వీధిదీపమో, గేటు మీద ఎల్‌ఈడీ లైటో రాత్రంతా నేరుగా పందిరి మీద పడుతుంటే, తీగకి రాత్రి పొడవు సరిగా తెలియక పూత ఆలస్యం కావచ్చు. చోటు ఎంచుకునేటప్పుడు పగటి ఎండతో పాటు రాత్రి వెలుతురు కూడా ఒకసారి చూడండి.

గింజ

ప్యాకెట్ విత్తనం కంటే తెలిసినవాళ్ల ఇంటి పందిరి గింజే నమ్మకం. అది మీ ఊరి గాలికి అలవాటు పడి ఉంటుంది, కాయ ఎలా ఉంటుందో మీరు తిని చూసి ఉంటారు. లేతాకుపచ్చ వెడల్పు కాయ, సన్నటి పొడుగు కాయ, ఊదా అంచు కాయ, పూర్తి ఊదా కాయ... ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. ఊదా రకానికి పూలు కూడా ఊదాగా ఉండి గేటు మీద పాకిస్తే అందంగా ఉంటుంది. వేపుడుకి వెడల్పు కాయ, గింజ కూరకి గింజ దిట్టంగా పట్టే రకం మంచిది. కొనాలంటే పేరున్న విత్తనాల కొట్టులో ప్యాకెట్ మీద తేదీ, 'పందిరి రకం' అన్న మాట రెండూ చూసి కొనండి. పాత గింజ సగమే మొలుస్తుంది. గోరుచిక్కుడు, చమ్మకాయ వేరే మొక్కలు. కొట్టులో ఉత్తి 'చిక్కుడు' అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు, జాగ్రత్త.

మట్టి: గుంటూరు వేరు, బెజవాడ వేరు

చిక్కుడుకి ఫలానా మట్టే కావాలన్న పట్టింపు లేదు. నీళ్లు నిలవకపోతే చాలు. మన దగ్గర అసలు ఇబ్బంది అదే.

గుంటూరు వైపు నల్లరేగడి. ఎండాకాలం కాలు దూరేంత పగుళ్లిస్తుంది, వానాకాలం తడి వదలదు. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. అక్కడ గుంట తవ్వి గింజ పెట్టడం కంటే మట్టి పైకి లేపి దిబ్బలా చేసి పెట్టడం మేలు. అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు తవ్వి, ఆ మట్టిలో సగం పక్కకి తీసేయండి. ఆ సగం స్థానంలో ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి నింపండి. నింపాక నేల మట్టం కంటే జానెడు ఎత్తు రావాలి.

విజయవాడలో ఒకే మట్టి లేదు. కృష్ణలంక, రాణిగారితోట వైపు నది ఒండ్రు. దానికి రెండు బొచ్చెల ఎరువు కలిపితే చాలు. మొగల్రాజపురం, గుణదల కొండ వాలున మొరం, రాళ్లు. అక్కడ నీళ్లు నిలవవు గానీ సారమూ నిలవదు, కాబట్టి గుంట పెద్దదిగా తీసి ఎరువు పెంచాలి. ఇక కొత్తగా కట్టిన ఇళ్లలో పెరడు అని మనం పిలిచేది నిజానికి ఇసుక, సిమెంటు పెళ్లలు, సున్నం. అందులో మొక్క వేస్తే ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కుతుంది. సున్నం వల్ల ఇనుము అందక వచ్చే పసుపు అది. అక్కడ పెళ్లలు ఏరిపారేసి, రెండడుగుల గుంటలో మొత్తం కొత్త మట్టి పోయడం తప్ప దగ్గరి దారి లేదు.

గుంటలో వేసే ఎరువు మోతాదు: ఒక్కో పాదుకి ఐదారు కిలోల చివికిన పశువుల ఎరువు లేదా మూడు కిలోల వర్మీ కంపోస్టు, గుప్పెడు వేపపిండి, గుప్పెడు ఎముకల పొడి. ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి దొరికితే ఒక చెంచా ఎరువులో కలిపి, తడి చేసి వారం నీడలో ఉంచి వాడండి. వేరుకుళ్లు బాగా తగ్గుతుంది. పచ్చి పేడ వెయ్యొద్దు. యూరియా ఇప్పుడూ వద్దు, తర్వాతా వద్దు.

పందిరి ముందు, గింజ తర్వాత

తీగ పాకడం మొదలయ్యాక కర్రలు వెతికితే, అది కింద పడి చిక్కుపడుతుంది. విడదీయబోతే కొస తెగుతుంది. అందుకే గింజ పెట్టే రోజుకే పందిరి తయారుగా ఉండాలి.

ఎత్తు ఆరడుగులు, మహా అయితే ఆరున్నర. అంతకంటే పైకి కడితే కాయ కోసేందుకు స్టూలు ఎక్కాలి. పైన ముదిరిన కాయ కనపడదు కూడా. గుంజలకి సరుగుడు కర్రలు బాగుంటాయి. బాపట్ల, చీరాల తీరం నుంచి వచ్చే సరుకు మన టింబరు డిపోల్లో దొరుకుతుంది. వెదురు బొంగు తేలిక, కాకపోతే నేలలో ఉన్న భాగం రెండేళ్లలో పుచ్చిపోతుంది. పాతే భాగానికి తారు పూస్తే ఇంకొన్నాళ్లు ఆగుతుంది. గుంజ రెండడుగుల లోతు పాతండి. నాలుగు మూలలా నాలుగు గుంజలు, మధ్యలో జీఐ తీగ అడుగు దూరంలో అటూ ఇటూ లాగండి. తీగ బదులు నైలాన్ వల వేసేట్టయితే కళ్లు చెయ్యి దూరేంత పెద్దవిగా ఉండాలి. లేకపోతే కాయ వల మధ్యలో ఇరుక్కుని వంకర్లు పోతుంది.

ఇక్కడ పిసినారితనం చూపొద్దు. చిక్కుడు పందిరి నిండుగా ఉండేది సరిగ్గా తుపాన్ల కాలంలో. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చిక్కుడు పూత, పిందె మీద ఉండే రోజులవి. తడిసిన ఆకుల బరువుకి ఈదురుగాలి తోడైతే పల్చటి పందిరి మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతుంది, పాదు మొదట్లోనే చీలుతుంది. అందుకే ప్రతి మూల గుంజకీ బయటివైపు ఒక వాలు కర్ర ఊతం పెట్టండి, లేదా మేకు దిగ్గొట్టి తీగతో లాగి కట్టండి. తుపాను కబురు వచ్చినప్పుడు పందిరి పైన ముదురు ఆకులు కొన్ని దూసేస్తే గాలి దూరిపోవడానికి సందు దొరుకుతుంది.

డాబా మీద అయితే

బుడమేరు పక్క పల్లపు కాలనీల్లో నేల మీద పాదు పెట్టాలంటే ఇప్పుడు ఎవరైనా ఆలోచిస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలబడ్డాయి. ఏ కూరగాయ పాదూ అంత నీటిలో బతకదు. అలాంటి చోట డాబానే దారి.

కనీసం 20 లీటర్ల బకెట్ కావాలి. పెయింట్ డబ్బాలు బాగా పనికొస్తాయి, అడుగున ఐదారు బెజ్జాలు పెట్టండి. ఒక డబ్బాకి ఒక్క మొక్కే. పాతిక లీటర్లు దాటిన గ్రో బ్యాగులో రెండు. మట్టి, కొబ్బరిపొట్టు, వర్మీ కంపోస్టు సమానంగా కలపండి. ఉత్తి మట్టయితే తడిసినప్పుడు బకెట్ పాతిక ముప్పై కిలోలు తూగుతుంది, కాబట్టి డబ్బాల్ని స్లాబు మధ్యలో కాకుండా గోడల వెంట, దూలాల మీద వరసగా పెట్టుకోండి. డబ్బా కింద రెండు ఇటుకలు పెడితే నీళ్లు కదులుతాయి, స్లాబు చెమ్మ పట్టదు.

పందిరికి పిట్టగోడ ఆసరా తీసుకోవడం తేలిక. లేకపోతే పాత డబ్బాల్లో కాంక్రీటు పోసి, పైపు నిలబెట్టి, వాటి మధ్య తీగ లాగండి. పైన గాలి వేగం ఎక్కువ, కాబట్టి పైపుల్ని పిట్టగోడకి కూడా కట్టేయాలి. నీళ్ల ట్యాంకు పైపులకి మాత్రం కట్టకండి.

విత్తడం

పాదుకీ పాదుకీ ఆరడుగుల దూరం ఉంచండి. ఒక్కో పాదులో జానెడు ఎడంగా నాలుగు గింజలు, అంగుళం లోతున. లోతు ఎక్కువైతే మొలక బయటికి రాకముందే కుళ్లుతుంది. నేల తడిగా ఉంటే గింజ నానబెట్టే పని లేదు. వాన జాడ లేకుండా ఎండ కాస్తుంటే మాత్రం రాత్రి నానేసి పొద్దున్నే పెట్టండి. రోజంతా నీళ్లలో వదిలేస్తే పప్పు బద్దలుగా విడిపోతుంది.

ఐదు నుంచి ఏడు రోజుల్లో గింజ రెండు బద్దల్ని నెత్తిన పెట్టుకుని పైకి లేస్తుంది. ఆ వారమే ప్రమాదం. వానాకాలం నత్తలు రాత్రికి రాత్రి మొలకల్ని కోసేస్తాయి, పిట్టలు బద్దల్ని పొడుచుకుపోతాయి. అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసాని మొలక చుట్టూ గుచ్చితే రెండింటినీ ఆపవచ్చు. మొక్కకి నాలుగైదు ఆకులు వచ్చాక బలంగా ఉన్న రెండింటిని ఉంచి మిగతావి తీసేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది, కత్తెరతో మొదట్లో కత్తిరించండి. నాలుగూ బాగున్నాయి కదా అని జాలిపడి ఉంచేస్తే నాలుగూ బక్కగా ఉంటాయి.

పైకి ఎక్కించడం, కొస తుంచడం

జానెడు ఎత్తు వచ్చాక ఒక కందిపుల్ల గుచ్చి, అక్కడి నుంచి పందిరి పైదాకా పురికొస కట్టండి. చిక్కుడు తీగకి నులితీగలు ఉండవు, తనే చుట్టుకుంటూ ఎక్కుతుంది. ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది కూడా. మీరు ఎదురుగా తిప్పి చుడితే మర్నాటికి విప్పుకుంటుంది, కాబట్టి దాని ఇష్టానికి వదిలేసి, జారిపోతున్న చోట వదులుగా ఒక ముడి వేస్తే చాలు.

పందిరి అంచు తాకేదాకా మొదలు దగ్గర వచ్చే పక్క కొమ్మల్ని తుంచేయండి. ఒక్క కాండం నిటారుగా వెళ్లాలి. పందిరెక్కిన తర్వాత మాత్రం కొస గిల్లేయండి. గిల్లిన చోట రెండు మూడు కొమ్మలు వస్తాయి, అవి మూరెడు పాకాక వాటినీ గిల్లండి. పూత వచ్చేది ఈ పక్క కొమ్మల కణుపుల దగ్గరే. ఈ పని ఆగస్టు, సెప్టెంబరుల్లో అయిపోవాలి. అక్టోబరు మధ్య తర్వాత గిల్లితే మొగ్గలు కూడా పోతాయి.

నీళ్లు, ఎరువు

వానాకాలంలో నీళ్లు పెట్టడం కంటే నీళ్లు బయటికి పంపడమే పని. పాదు చుట్టూ చిన్న కాలువ తీసి పల్లానికి వదలండి. వానలు ఆగాక నేల మీద పాదుకి మూడు రోజులకొకసారి, డాబా మీద డబ్బాకి రోజూ, పొద్దున్నే మొదట్లో పోయండి. ఆకుల మీద చల్లొద్దు, సాయంత్రం అసలే వద్దు. పూత, పిందె మీద ఉన్నప్పుడు ఒక్కసారి వాడిపోనిచ్చినా ఆ గుత్తి మొత్తం రాలుతుంది. ఎండుగడ్డో ఎండుటాకులో పాదు మీద రెండంగుళాల మందాన పరిస్తే తడి నిలుస్తుంది. కాండానికి తగలకుండా కాస్త ఎడంగా పరవండి.

ఇక ఎరువు. చిక్కుడు వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుంది. మనం పైనుంచి యూరియా వేస్తే ఆ బుడిపెలు పని మానేస్తాయి, మొక్క ఆకు మీద పడుతుంది. ముదురాకుపచ్చ రంగు, అరచేతికంటే పెద్ద ఆకులు, పూత శూన్యం. చూడ్డానికి ఎంత బాగుంటుందో కూరకి అంత పనికిరాదు. ఎక్కువ జీవామృతం, వారం వారం పేడ నీళ్లు కూడా ఇదే పని చేస్తాయి. సేంద్రియం కదా, ఎంతైనా పోయొచ్చు అనుకోకండి.

సెప్టెంబరు చివర్లో ఒకసారి, తొలి కోత అయ్యాక ఒకసారి, పాదుకి గుప్పెడు ఎముకల పొడి, రెండు గుప్పిళ్ల వర్మీ కంపోస్టు, గుప్పెడు కట్టెల బూడిద వేసి మట్టి కదపండి. నేల మీద పాదుకి అంతే. డబ్బా మొక్కకి సారం నీళ్లతో కొట్టుకుపోతుంది కాబట్టి నెలకొకసారి గుప్పెడు వర్మీ కంపోస్టు ఇవ్వండి.

నవంబరు వచ్చినా మొగ్గ కనపడకపోతే రెండు వారాలు ఎరువు పూర్తిగా ఆపి, నీళ్లు కాస్త తగ్గించి, కింది ముదురు ఆకుల్లో మూడో వంతు దూసేయండి. ఎండ లోపలికి పడి గాలి ఆడితే చాలా తీగలు దారికొస్తాయి.

పేనుబంక, మిగతా చీడలు

చిక్కుడు వేసినవాళ్లకి పేనుబంకతో పరిచయం తప్పదు. చలి మొదలై, మబ్బు పట్టిన రోజుల్లో లేత కొసల మీద, పూకాడల మీద నల్లగా, మసి పూసినట్టు పేరుకుంటుంది. రసం పీల్చి, తియ్యటి జిగురు వదులుతుంది. ఆ జిగురు కోసం చీమలు చేరి, పేనుబంకకి కాపలా కాస్తాయి. తీగ మీద చీమల బారు కనిపిస్తే పేనుబంక మొదలైందని అర్థం, రెండ్రోజులు ముందే మీకు కబురందినట్టు.

మొదట దొరికింది కొద్దిగానే అయితే ఆ కొస గిల్లి సబ్బు నీళ్లలో పడేయండి. ఇంకాస్త ఉంటే పొద్దున్నే పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి, కింద పడినవి మళ్లీ ఎక్కలేవు. మంచు తడి ఉండగా జల్లెడ పట్టిన కట్టెల బూడిద చల్లడం పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. వీటికి లొంగకపోతే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల షాంపూ కలిపి బాగా గిలక్కొట్టి ఆకుల అడుగున తడిసేలా సాయంత్రం పూట కొట్టండి. వారానికి ఇంకోసారి. పొద్దున కొట్టొద్దు. ఆ వేళ నల్లటి పెద్ద తుమ్మెదలు, తేనెటీగలు పూల మీద ఉంటాయి. ఎర్రటి ఒంటి మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగులు కనిపిస్తే, అవి రోజంతా పేనుబంకనే తింటాయి, మందు ఆపి వాటి పని వాటిని చేయనివ్వండి. వాటి పిల్లలు ముళ్లతో మొసలి ఆకారంలో వికారంగా ఉంటాయి. పురుగనుకుని చంపేస్తారు చాలామంది.

కాయతొలుచు పురుగు రెండో బెడద. పూలు, లేత పిందెలు గూడులా కలిపి అల్లుకుపోయి, విప్పితే లోపల మచ్చల పురుగు ఉంటుంది. గూడు కనిపించిన గుత్తిని తుంచి నాశనం చేయడమే సరైన వైద్యం. ఎక్కువగా ఉంటే 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి కషాయం చేసేవాళ్లూ ఉన్నారు. గుంటూరులో మిరపకాయకి కరువేముంది గనక, చేసుకోండి, కళ్లద్దాలు మాత్రం పెట్టుకోండి.

ఆకు మీద పసుపు, పచ్చ మచ్చలు కలిసిపోయి కనిపిస్తే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది, మందు లేదు. ఆ మొక్క పీకేసి మిగతావి కాపాడుకోండి. చలిలో ఆకు మీద తెల్లటి పొడి పడితే బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కొట్టండి, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు మాత్రం వద్దు, ఆకు మాడుతుంది. కాండం మీద గుండ్రటి, ముదురాకుపచ్చ చిన్న పురుగులు గుంపుగా పట్టి, ముట్టుకుంటే కంపు కొడితే, పొద్దున్నే చురుకు లేని వేళ సబ్బు నీళ్ల డబ్బా కింద పెట్టి దులిపేయండి.

మందుల కొట్టుకి వెళ్లి "చిక్కుడుకి పురుగండీ" అంటే ఏదో ఒక ఘాటు సీసా ఇవ్వచ్చు. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని 2005 నుంచే మన దేశంలో నిషేధం. మూడు రోజులకొకసారి కోసుకుని తినే పంట ఇది. అంత మందు కొట్టాల్సిన పరిస్థితి వస్తే తీగ కోసేయడం నయం.

కోత

పూత వచ్చిన రెండు మూడు వారాలకి కాయ తయారు. గింజ లోపల తడిమితే తెలిసీ తెలియనట్టు ఉండగా వేపుడుకి కోయండి. గింజ కూరకో, వంకాయతో కలపడానికో అయితే గింజ ఉబ్బేదాకా ఆగండి. మూడు నాలుగు రోజులకొకసారి పందిరంతా వెతికి కోయాలి. ముదిరిన కాయలు తీగ మీద ఉండిపోతే, గింజ తయారైంది, ఇక నా పని అయిపోయిందనుకుని కొత్త పూత తగ్గిస్తుంది.

కోసేటప్పుడు కాయ వరకే తుంచండి, పూకాడ విరవొద్దు. ఆ కాడ కణుపుల దగ్గరే మళ్లీ మొగ్గలు వస్తాయి. గుత్తి మొత్తం గుంజేస్తే రెండో విడత పోగొట్టుకున్నట్టే. పొద్దున్న కోసిన కాయ కరకరలాడుతుంది. రెండు పక్కలా ఈనె తీసి వండటం మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎండిన గింజలు వండేటప్పుడు మాత్రం రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఉడికించిన నీళ్లు కూడా వంచేయండి. ముదురు ఎండు గింజల్లో ఉండే చేదు, విషపు పదార్థాలు అలాగే పోతాయి. పచ్చిగా నమలకండి.

పందిరి ఉన్నవాళ్లకి జనవరి చివర్లోనో, ఫిబ్రవరిలోనో చుట్టుపక్కల నుంచి అడిగేవాళ్లు వస్తారు, కాయ కోసం కాదు, ఆకు కోసం. రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టాలి, కాయలూ పుల్లలూ గుచ్చి రథం చేయాలి. దానికోసం పందిరి ఎండ పడే వైపు లేత ఆకులు కొన్ని ఉంచండి. మందు కొట్టిన ఆకులైతే ముందే చెప్పి పంపేయండి.

విత్తనం దాచుకోవడం, పాదు తీసేయడం

డిసెంబరులోనే, కాపు జోరు మీద ఉండగా, బాగా కాసిన తీగ మధ్య భాగంలో పది పదిహేను మంచి కాయలకి రంగు దారం కట్టి వదిలేయండి. చివరాఖర్న మిగిలిన గిడసబారిన కాయల్ని విత్తనానికి ఉంచడం అలవాటుగా జరిగే పని, దానివల్లే ఏటేటా రకం చెడుతుంది. పేనుబంకకీ పల్లాకుకీ లొంగని తీగనే ఎంచుకోండి. కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమన్నాక కోసి, గింజలు తీసి, నాలుగు రోజులు నీడలో ఆరబెట్టండి. గింజలకి చేతికి అంటీ అంటనంత ఆముదం పట్టించి, గాజు సీసాలో నాలుగు ఎండు వేపాకులు వేసి మూత బిగిస్తే పుచ్చు పట్టదు. సీసా మీద రకం, సంవత్సరం రాయండి.

ఫిబ్రవరి చివరికి ఎండ ముదిరి, ఆకు మీద ఎర్రనల్లి చేరి, కాయ చిన్నబడుతుంది. నీళ్లు పోసి వేసవి దాటిస్తే మళ్లీ అక్టోబరులో పూస్తుంది, నిజమే. కానీ ఆ ముదురు తీగ కాపు రెండో ఏడు తగ్గుతుంది, మధ్యలో చీడలన్నీ దాని మీదే కాపురం పెడతాయి. కోసేయండి. వేరుతో పీకొద్దు, నేల మట్టానికి కాండం కత్తిరించి, వేళ్లు లోపలే వదిలేయండి. ఆ బుడిపెల్లో ఉన్న నత్రజని తర్వాత వేసే బీరకో, తోటకూరకో అందుతుంది. చీడ పట్టని ఆకూ తీగా ముక్కలు చేసి కంపోస్టు గుంటలో వేయండి, చీడ పట్టింది తగలబెట్టకుండా దూరంగా పాతిపెట్టండి. పందిరి తీగలు వదులైన చోట బిగించి, పుచ్చిన గుంజలు మార్చుకుంటే వేసవిలో బీర, ఆషాఢంలో మళ్లీ చిక్కుడు దాని మీదికే ఎక్కుతాయి.